డాక్టరు కోసం బాగుండటం

మా ఇంట్లో జబ్బుకి ఒకటే పేరు, నలత. జలుబు చేసినా నలతే, మంచం పట్టినా నలతే. మా నాయన వసారాలో కుర్చీలోనే ఒరిగిపోయిన రోజున, వాకిట్లోకి వచ్చినవాళ్ళకి మా పెదనాయన చెప్పింది కూడా అదే. "కొంచెం నలతగా ఉండాది, లోపల పండుకోనుండారు." అప్పటికే ప్రాణం పోయింది. ఇల్లు సర్ది, దగ్గరివాళ్ళకి కబురు పంపి, దీపం పెట్టాకగానీ అసలు మాట బయటికి రానివ్వలేదు.

చిత్తూరుకి పడమటి పక్క ఒక ఊళ్ళో మా ఇంటిని ముసలివాళ్ళు ఇప్పటికీ దివాణం అంటారు. దివాణం ఇప్పుడు మాది కాదు. కొన్నవాళ్ళు పడగొట్టి ఏదో కట్టారట, ఊరికి వెళ్ళినా ఆ వీధిలోకి నేను పోలేదు. జాతరలో తొలి తాంబూలం మాత్రం ఇంకా మా వంశానికే ఇస్తారు. ఏడాదికొకసారి తిరుపతి నుంచి బస్సెక్కి వెళ్ళి, ఇస్త్రీ పంచె కట్టుకొని దాన్ని అందుకొని, మళ్ళీ బస్సెక్కి వస్తాను. బస్టాండులో ఎంతసేపు నిలబడాల్సి వచ్చినా గోడకి ఆనుకోను. చిన్నప్పుడు అలా ఆనుకుంటే మా నాయన ఒక చూపు చూసేవారు. ఆ చూపు ఇంకా వీపు మీదే ఉంది.

నా భార్యకి వణుకుడు జబ్బు వచ్చింది. మొదట గంజి వార్చేటప్పుడు కుడి చెయ్యి వణికింది. తర్వాత రాసే అక్షరాలు చిన్నవయ్యాయి, అడుగులు చిన్నవయ్యాయి, గొంతు తగ్గింది. తిరుపతిలో నరాల డాక్టరుగా పేరున్న ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె వయసులో చాలా చిన్నది, ఓపిక ఎక్కువ. మాత్రలు రాసింది. మాత్ర వేసుకున్న గంటకల్లా నా భార్య లేచి, వంటింట్లో అటూ ఇటూ తిరిగి, తనే కాఫీ కలిపింది. ఆ రోజు నేను లోలోపల ఎంత సంతోషించానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. జబ్బు పోయిందని కాదు. జబ్బు కనపడకుండా పోయిందని.

అక్కడి నుంచి డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజుని నేను నా చేతిలోకి తీసుకున్నాను.

నేను ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయిన మనిషిని. పైనుంచి ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. బీరువాలు తుడిపించాలి, కాళ్ళు విరిగిన కుర్చీల్ని వెనక గదిలోకి నెట్టించాలి, ఎవరు ఏ ప్రశ్నకి ఏం చెప్పాలో ముందే అనుకోవాలి. ఇంట్లోనూ అదే చేశాను. ముందురోజు సాయంత్రమే ఆమె చీర ఇస్త్రీ చేసేవాణ్ణి. ఆటో సందు మొదట్లో ఆగితే ఒప్పుకోను, గేటు దాకా రావాలి. మెట్లు దిగి ఆటో ఎక్కేదాకా కింది పోర్షన్‌వాళ్ళు చూస్తుంటారు కాబట్టి ఆ కాసేపు ఆమె నా చెయ్యి పట్టుకోకూడదు, నేనే ఆమె పక్కన మామూలుగా నడుస్తున్నట్టు నడవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మాత్ర. అది వేసుకున్నాక గంటకి బాగా పనిచేస్తుంది, ఆ తర్వాత కొంతసేపుండి దిగిపోతుంది. ఈ లెక్క కనిపెట్టాక, డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజున పొద్దునే ఇవ్వాల్సిన మాత్రని ఆపి ఉంచేవాణ్ణి. మమ్మల్ని లోపలికి పిలిచే వేళకి ఆమె బాగా నడిచేలా చూసి ఇచ్చేవాణ్ణి. మరి పొద్దున లేచిన దగ్గర నుంచి ఆ వేళ దాకా ఆమె ఎలా ఉండేది? మంచం అంచున కూర్చొని ఉండేది. బిగుసుకుపోయిన చేతులు ఒళ్ళో పెట్టుకొని, గోడ గడియారం చూస్తూ. "ఇప్పుడిస్తారా?" అని ఒకసారి అడిగేది. "ఇంకొంచెం సేపు," అనేవాణ్ణి. రెండోసారి అడిగేది కాదు.

డాక్టరమ్మ గదిలో అంతా నేను అనుకున్నట్టే జరిగేది.

"ఎలా ఉన్నారమ్మా?"

"బాగుంది డాక్టరుగారూ," అని నేను.

"నడక?"

"మామూలే. అప్పుడప్పుడు కొంచెం నలతగా ఉంటుంది, అంతే."

ఆ మాట డాక్టరమ్మకి అర్థమయ్యేదో లేదో నాకు తెలియదు. "ఒకసారి ఆ గోడ దాకా నడిచి చూపించండమ్మా," అనేది. నా భార్య ఇస్త్రీ చీరలో గోడ దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చునేది. డాక్టరమ్మ ముఖం విప్పారేది. "చాలా బాగున్నారు. అవే మాత్రలు వాడండి." నేను చేతులు జోడించి లేచేవాణ్ణి. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఒక పరీక్ష పాసైన గర్వం ఉండేది నాకు.

ఇంటికి వచ్చి చీర మార్చుకునేలోపే ఆమె కాళ్ళు నేలకి అతుక్కుపోయేవి.

ఈ మధ్యలో పడటం మొదలైంది. స్నానాల గదిలో ఒకసారి పడింది. నేల తడిగా ఉందన్నాను. వంటింటి గడప దగ్గర పడింది. చీర కుచ్చెళ్ళు కాలికి తగిలాయన్నాను. ఒకరోజు మందుల షాపు నుంచి వస్తూ ఆమే అడిగింది.

"ఏమండీ, ఆ షాపులో నాలుగుకాళ్ళ వాకర్ ఉండాది. పట్టుకోని నడిచేది."

"అంత అవసరం ఇంకా రాలేదులే."

"సందు దాకా పోయి కూరగాయలు నేనే చూసుకుంటా కదా."

"కూరగాయలు నేను తెస్తా ఉండానే."

సందులో మా ఇంటి మనిషి వాకర్ పట్టుకొని నడుస్తుంటే ఎవరెవరు చూస్తారో ఒక్కొక్క గుమ్మంగా నాకు కళ్ళముందు కనిపించింది. నిజం అదే.

ఇక్కడ మా మరదలి సంగతి చెప్పాలి. నా భార్యకి ఉన్న ఒక్కగానొక్క చెల్లెలు. మా మామగారు సూళ్లూరుపేట దగ్గర రైల్వే గేటు కాపలా ఉద్యోగం చేసేవారు. మా ఇల్లు చితికిపోయాక, పిల్లనివ్వడానికి ముందుకొచ్చింది ఆయనొక్కరే. మా పెద్దలు ఆ సంగతి మరిచిపోయినట్టు నటించారు, నేనూ నటించాను. మరదలు భర్త పోయాక నాయుడుపేటలో ఫ్యాక్టరీలకి వెళ్ళేవాళ్ళకి క్యారేజీలు కట్టి పంపుతుంది. ఆమె ఇంట్లో తెల్లారకముందే ఉల్లిపాయలు తరగడం మొదలవుతుంది, వచ్చేపోయే జనానికి లెక్క ఉండదు. గొంతు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మా ఇంటికి వస్తే మెట్ల మీది నుంచే అరిచేది.

"అక్కా! ఈ పొద్దన్నా దొడ్డికి సరిగ్గా పోయినావా?"

కింది పోర్షన్‌వాళ్ళు నవ్వేవాళ్ళు. నా భార్య కూడా నవ్వేది, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని. ఒకసారి మరదలు వెళ్ళిపోయాక నేను నా భార్యతో అన్నాను, "మీ చెల్లెలు వచ్చేముందు ఫోన్ చేసి వస్తే బాగుంటుంది." నేను ఆ మాట మర్యాదగానే అన్నాను. అంతకంటే మర్యాదగా మరదలు రావడం మానేసింది.

మాకు పిల్లల్లేరు. కాబట్టి ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఆమె తరఫున మాట్లాడే మనిషిని నేనొక్కణ్ణే మిగిలాను.

ఆ తర్వాత ఒకసారి డాక్టరమ్మ ఆలస్యంగా వచ్చింది. ఎవరికో అత్యవసరమై వార్డులో ఉండిపోయిందట. మేము హాల్లో బల్లల మీద కూర్చున్నాం. మాత్ర ఎప్పటిలాగే లెక్క చూసి ఇచ్చాను. మా పక్కన ఏర్పేడు నుంచి వచ్చిన ఒకామె, చక్రాల కుర్చీలో వాళ్ళ అత్తని పెట్టుకొని, హాలంతా వినేలా చెబుతోంది.

"మా అత్తకి మతిమరుపు. పొద్దున లేస్తానే నన్ను సూసి, ఎవుర్తివే నువ్వు అంటాది. నీ కోడల్ని అత్తా అంటే, నా కోడలు ఇంత నల్లంగా ఉండదు పో అంటాది."

"నువ్వేమన్నావు మే?" అని ఎవరో అడిగారు.

"నీ కొడుకు ఎండలో తిప్పినాడులే అత్తా అని చెప్పినా."

హాలు హాలంతా నవ్వింది. కుర్చీలో ఉన్న ముసలామె కూడా నవ్వింది. నా భార్య నవ్వబోయింది కానీ ముఖం కదల్లేదు. అది చూసి నేను గడియారం వైపు చూశాను. మాత్ర దిగిపోయే వేళ దగ్గరపడింది. ఆమె నా చేతి మీద వేలు పెట్టింది.

"ఏమండీ, అయిపోతా ఉండాది."

"ఓర్చుకో. పిలుస్తారు ఇప్పుడు."

పిలిచేసరికి చాలాసేపైంది. నేను లేపితే లేచింది, నాలుగడుగులు వేసింది. డాక్టరమ్మ గది తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. వెనక జనం, ముందు తెరిచిన తలుపు, మధ్యలో ఆమె. నేను మోచెయ్యి పట్టి లాగాను. చెవి దగ్గర "నడువు, అందరూ చూస్తా ఉండారు," అన్నాను.

"కాళ్ళు రావడంలే," అంది.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. "లాగకండి సార్, పడిపోతారు." ఆమె తన పాదాన్ని నా భార్య పాదాల ముందు అడ్డంగా పెట్టింది. "అమ్మా, నేల సంగతి వదిలేయండి. నా కాలు దాటండి." నా భార్య ఆ కాలిని చూసి, దాన్ని దాటింది. ఆ తర్వాత అడుగులు వచ్చాయి. నేను వెనకాలే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను, వీపు నిటారుగానే.

"మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు?"

నేను చెప్పాను. ఆమె చీటీ చూసింది. "పొద్దునే వేసుకోమన్నాను కదా."

"ఇక్కడికి వచ్చే రోజున మాత్రం కొంచెం చూసి ఇస్తాను."

"ఎందుకు సార్?"

నా దగ్గర ఉన్న సమాధానం చెప్పేది కాదు. డాక్టరమ్మకి చెప్పకుండానే అర్థమైంది. కోప్పడలేదు. "అంటే ఇన్నాళ్ళూ నేను ఆమె మంచి గంటనే చూశానన్నమాట," అని, కుర్చీ నా భార్య వైపు తిప్పుకుంది. "ఇంట్లో ఎలా ఉంటోందమ్మా? మీరే చెప్పండి."

నేను నోరు తెరిచాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. "అమ్మ చెబుతారు సార్. ఎంతసేపైనా పర్లేదు."

నా భార్య గొంతు గాలిలా ఉంది. ఒక్కొక్క మాటకి మధ్య చాలా ఎడం వస్తోంది. ఆ ఎడంలోకి దూకకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. ఆమె చెప్పినవాటిలో కొన్ని నాకు తెలుసు. నేను కూరగాయలకి వెళ్ళినప్పుడు కూడా పడిపోయేదని తెలియదు. నేను వచ్చేలోపే లేచి అంతా సర్దేసుకునేదట. కాఫీ గొంతుకి అడ్డం పడుతోందని తెలియదు. పడుకున్నాక పక్కకి తిరగలేకపోతోందని తెలియదు. ఒక్కటే మంచం మీద ఆమె పక్కనే నేను పడుకునేది.

"మరి సార్‌ని లేపరా?" అంది డాక్టరమ్మ.

"నిద్ర పోతా ఉంటాడు కదా," అంది నా భార్య.

డాక్టరమ్మ మాత్రలు మార్చింది. వాకర్ రాసింది. ఇకమీదట వచ్చేటప్పుడు మాత్ర రోజూ ఇచ్చే వేళకే ఇవ్వాలని, వీలైతే ఇంట్లో కష్టంగా ఉన్న వేళ నడకని ఫోనులో తీసి తీసుకురావాలని చెప్పింది. తర్వాత కలం కింద పెట్టి, మెల్లగా ఇంకో సంగతి ఎత్తింది. ముందు ముందు గొంతు ఇంకా తగ్గవచ్చు. మింగడం కష్టం కావచ్చు. అది ఎప్పుడో చెప్పలేం. కానీ అప్పుడు ఏం చెయ్యాలో, ఏం వద్దో, మాట వస్తున్నప్పుడే అనుకొని పెట్టుకుంటే మంచిది.

"అవన్నీ మేం చూసుకుంటాం," అన్నాను. ఎంత వద్దనుకున్నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"మీరు చూసుకుంటారు సార్. ఆమెకి ఏం కావాలో ఆమె చెప్పాలి కదా. అమ్మా, మీరు మాట్లాడలేని రోజు వస్తే, మీకు ఏం ఇష్టమో మేం ఎవర్ని అడగాలి?"

నేను కుర్చీలో కొంచెం ముందుకి జరిగాను. నా పేరు చెబుతుందనే.

"ఈయన్ని కాదు," అంది.

డాక్టరమ్మ మళ్ళీ కలం చేతిలోకి తీసుకుంది.

"మా చెల్లెల్ని అడగండి. నాయుడుపేటలో ఉండాది."

"సార్ మీ పక్కనే ఉంటారు కదమ్మా?"

"ఈయన బాగుండాది అంటాడు. నేను యాడికి పోయినా బాగుండాదనే చెప్తాడు."

ఆ మాటలో కోపం లేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే నేను కోపం తెచ్చుకొని తప్పించుకునేవాణ్ణి.

ఇంటికొచ్చి, మాత్ర ఇచ్చి, కొత్త లెక్క ప్రకారం అది పనిచేసేదాకా ఆగాను. సాయంత్రం వంటింట్లో కూర్చొని ఆమె చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను అడిగాను, "పరాయి మనిషి ముందు ఆ మాట ఎందుకన్నావు?"

"పరాయి మనిషి అడిగింది కాబట్టి."

"నేను నీకేం తక్కువ చేసినాను?"

ఆమె చిక్కుడుకాయ పక్కన పెట్టింది. కాసేపు మాటల్ని కూడబలుక్కుంది. తర్వాత మా అమ్మ గురించి చెప్పింది.

ఊళ్ళో మా ఇంట్లో ఆడవాళ్ళకి జబ్బు చేస్తే పెరటివైపు గదిలో పడుకునేవాళ్ళు. మగవాళ్ళు ఆ గడప దాటరు. పొద్దున ఒకసారి వెళ్ళి ఇవతల నిలబడి, "ఎట్లుండాది?" అని అడగాలి. లోపల నుంచి "బాగుండాది" అని రావాలి. మా అమ్మ ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ నేను రోజూ తప్పకుండా వెళ్ళి అడిగాను. ఒక్కరోజు కూడా మానలేదు. దాని గురించి బంధువులు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆమె ఎప్పుడూ శుభ్రమైన చీరలో దిండుకి ఆనుకొని కూర్చొని ఉండేది. గదిలో సాంబ్రాణి పొగ ఉండేది. అమ్మకి భక్తి ఎక్కువ, ఆ స్థితిలోనూ పూజ మానలేదని నేను అనుకునేవాణ్ణి. చాలామందికి అలాగే చెప్పాను కూడా.

"అత్తమ్మకి రొమ్ములో పుండు," అంది నా భార్య. "నేనే కడిగేదాన్ని. వాసన వస్తా ఉన్నింది. మీరొచ్చే వేళకి సాంబ్రాణి వెయ్యమనేది. చీర మార్పించుకునేది. చెయ్యి ఎత్తలేకపోయేది, రవిక వెయ్యాలంటే ఏడ్చేది. మీరొచ్చి పోయినాక మళ్ళీ పాతచీర కట్టేదాన్ని."

"నాకెందుకు చెప్పలేదు?"

"నా కొడుక్కి చెప్పొద్దు అనింది. బాగుండానని చెప్తే సంతోషంగా పోతాడు ఆఫీసుకి అనింది."

ఆమె మళ్ళీ చిక్కుడుకాయలు చేతిలోకి తీసుకుంది. నేను ఆ గదిలోంచి లేచి ఎక్కడికో వెళ్ళాలనుకున్నాను, రెండు గదుల ఇంట్లో వెళ్ళడానికి చోటు లేదు. మా అమ్మకి నేనే ఇన్‌స్పెక్షన్. రోజూ పొద్దున నా కోసం ఒక మనిషి నొప్పితో చీర మార్చుకొని కూర్చుంది. "బాగుండాది" అనగానే నేను ఎప్పుడూ ఒక్క క్షణం కూడా నిలబడలేదు. ఆ మాట కోసమే వెళ్ళేవాణ్ణి, అది చేతికి రాగానే తిరిగేవాణ్ణి. ఇన్నేళ్ళ తర్వాత నేను నా భార్యకి మంచం అంచున మాత్ర ఆపి కూర్చోబెట్టినప్పుడు, ఆమెకి ఎవరు గుర్తొచ్చి ఉంటారో అడగక్కరలేదు.

మర్నాడు మరదలికి నేనే ఫోన్ చేశాను. నా ఫోను నుంచి ఆమెకి అదే మొదటిసారి అనుకుంటాను.

"ఎవురూ?"

"నేను."

"బావా? అక్కకేమైంది?"

"ఏం కాలేదు. నిన్ను రమ్మంటా ఉండాను."

అవతల కుక్కర్ కూతలు, ఎవరినో "ఆ సాంబారు మూత పెట్టు మే" అని కేక. తర్వాత మళ్ళీ నాతో, "ఫోన్ చేసి రావాలా బావా, చెయ్యకుండా రావాలా? మెట్ల మీద అరవకుండా రావాలా, అరుస్తా రావాలా?"

ఇది నాకు దక్కాల్సిందే. "ఎట్లైనా రా. అక్కకి నీతో పనుంది," అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. అదే రోజు బస్సెక్కి వచ్చింది. మెట్ల మీద అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

అక్కచెల్లెళ్ళిద్దరూ లోపలి గదిలో చాలాసేపు మాట్లాడుకున్నారు. తలుపు తెరిచే ఉంది. నేను ముందుగదిలో పేపరు పట్టుకొని కూర్చున్నాను. నా భార్య గొంతు వినపడదు, మరదలి గొంతు వినపడుతుంది. "ఊఁ... ఊఁ... సరే... అది నేను చూస్తాలే... మరి బావ?" అని వినపడింది. దానికి జవాబు వినపడలేదు. ఒకచోట ఇద్దరూ గట్టిగా నవ్వారు, ఎందుకో తెలియదు. ఒకచోట మరదలు ముక్కు చీదింది.

మర్నాడు పొద్దున మరదలే ఫోనులో అక్క నడకని తీసింది. నన్ను పక్కన నిలబడి పట్టుకోమంది. మాత్ర ఇంకా పడని వేళ. నా భార్య చెదిరిన జుట్టుతో, పాత నైటీలో, మంచం నుంచి వంటింటి గడప దాకా రావడానికి పడిన అవస్థ అంతా అందులో ఉంది. పక్కన ఒక ముసలాయన వంగి ఆమె పాదాల ముందు తన పాదం పెడుతున్నాడు. అది నేనని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సమయం పట్టింది. నేను అంత వంగుతానని అనుకోలేదు.

వెళ్ళేముందు మరదలు గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. "అక్క నాకు అంతా చెప్పింది బావా. మీకు చెప్పొద్దని అనలేదు. చెప్పమనీ అనలేదు. మీరే అడగండి."

"అడుగుతాను."

"బాగుండావా అని అడగొద్దు. ఏం కావల్ల అని అడగండి."

అడుగుతానన్నవాణ్ణి చాలా రోజులు అడగలేదు. వాకర్ కొన్నాను. ఆమె సందు మొదటి దాకా వెళ్ళి బండి దగ్గర బెండకాయలు విరిచి చూసి తీసుకుంది. కింది పోర్షన్ ఆమె "ఎన్నాళ్ళకి బయటికొచ్చినావక్కా," అని మాట కలిపింది, అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. పొద్దున మాత్ర పొద్దునే ఇస్తున్నాను. రాత్రి ఆమె పక్కకి తిరగాలంటే నా భుజం తడుతుంది, తిప్పుతాను. ఇవన్నీ చెయ్యడం సులువుగానే ఉంది. అడగడం ఒక్కటే సులువుగా లేదు. ఆమె మాట ఇంకొంచెం తగ్గింది. ఫోనులో మరదలు "ఏంది అక్కా, వినపడలే" అనడం ఎక్కువైంది. ఇక ఆలస్యం చేస్తే అడిగినా జవాబు రాదని తెలిసి కూడా నేను రోజులు జరుపుతున్నాను.

చివరికి ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మాత్ర బాగా పనిచేస్తున్న వేళ, ఆమె మంచం పక్కకి కుర్చీ లాక్కొని కూర్చున్నాను. "రేపు రేపు నీకు ఏం కావల్ల?" అన్నాను. మరదలు నేర్పిన మాటే. ఇంకోరకంగా ఎలా అడగాలో నాకు రాలేదు.

ఆమె నన్ను చూసింది. ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించలేదు, మొదట్నుంచీ సిద్ధంగా ఉన్నట్టే ఉంది.

"ముక్కులో గొట్టం ఒద్దు. మింగినన్నాళ్ళు మింగుతా."

"సరే."

"నొప్పుంటే మందిప్పించండి. ఎవురన్నా ఓర్చుకో అంటే ఒప్పుకోవద్దు. మీరూ అనొద్దు."

"అననులే."

"నీళ్ళు పోసేదానికి ఒక మనిషిని పెట్టండి. అప్పుడప్పుడు మీరు పొయ్యండి. నేర్చుకుంటారు."

"సరే."

ఆమె కొంచెంసేపు ఊపిరి తీసుకుంది. ఆ ఎడంలో నేను మాట్లాడకుండా కూర్చున్నాను, ఆ మాత్రం నేర్చుకున్నాను.

"మంచాన పడినాక నన్ను చెల్లెలింట్లో పెట్టండి. నాయుడుపేటలో. ఆడ పొద్దస్తమానం మనుషులుంటారు. మాటలుంటాయి. నా మాట పోయినా ఎవురో ఒకరి మాట వినపడతా ఉంటాది. ఈడ మనిద్దరమే అయితే, మీరు ఒచ్చి నిలబడతారు, పోతారు."

"మరి నేను?"

"మీరూ రండి."

మా వంశంలో మగవాళ్ళు అత్తగారి తరఫు ఇంట్లో రాత్రి పడుకోరు. పెళ్ళైనప్పటి నుంచి నేను ఆ పక్క ఎప్పుడూ ఒక్కరాత్రి ఉండలేదు. ఎంత పొద్దుపోయినా ఆఖరి బండి పట్టుకొని వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు మరదలింట్లో, ఉల్లిపాయల బుట్టల మధ్య, క్యారేజీల కోసం వచ్చేపోయేవాళ్ళ ముందు, నా భార్య చివరి రోజులు గడవాలి. ఆ ఇంటి అన్నం తింటూ నేను పక్కన కూర్చోవాలి. జాతరలో తాంబూలం ఇచ్చేవాళ్ళు ఎవరో ఒకరు అడుగుతారు, ఏం ఇప్పుడు యాడుండారు అని. ఇదంతా నా తలలో తిరిగింది. తిరగకుండా ఉంటే బాగుండేది. ఆమె ఎదురుగా ఉండి, నన్ను అడిగిన నాలుగు కోరికల్లో ఇదొక్కదాని దగ్గరే నేను ఆగిపోయాను.

"సరే," అన్నాను.

కానీ ఆ మాట రావడానికి కొంచెంసేపు పట్టింది. ఆ కొంచెంసేపూ ఆమె నా ముఖమే చూస్తూ ఉంది. జబ్బుకి ఆమె ముఖం కదలడం తగ్గింది గానీ కళ్ళకి ఏమీ కాలేదు.

"ఇదంతా చెల్లెలికి ముందే చెప్పినాలెండి," అంది.